శుభలేఖ వెనక నూనె చుక్క

కిందటి నెల ఏలూరులో నా పాత కారును సర్వీసుకిచ్చాను. అక్కడ పనిచేసే అమ్మాయి ఇంజను మీద నూనె పోసే మూత తిప్పి తీసేసరికి వేడి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. మాడిన నువ్వుల వాసన, తడి ఇనుము వాసన, ఎక్కడో అడుగున ముదిరిన బెల్లం పాకం వాసన. నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. నిలబడలేక గోడ పట్టుకున్నాను. ధారగా ఏమీ కారలేదు లెండి. ఒక్క కన్ను చెమర్చింది, దానికి శుక్లం ఆపరేషను అయింది కాబట్టి అది ఊరికే కూడా చెమరుస్తుంది. గోడ పట్టుకున్న మాట మాత్రం నిజం.

ఆ అమ్మాయి మూతను తిరగేసి చూపించింది. లోపలి వైపు కాఫీ డికాక్షన్ ఎండిపోయినట్టు గోధుమరంగు పొర. "చూశారా సర్, లోపలంతా వార్నిష్ పట్టేసింది. ఈసారి సింథటిక్ ఆయిల్ పోయిద్దామండి. ఒక్క సర్వీసుకే మొత్తం కడిగేస్తుంది. ఇంజను కొత్తదైపోద్ది" అంది. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది: "దాంట్లో ఎంత తీసేయమంటావమ్మా?" ఆ పిల్ల తడబడింది. "డిస్కౌంటా సర్? మేనేజరు గారిని అడగాలండి" అంది.

డిస్కౌంటు కాదు. ఆ ప్రశ్న నాదీ కాదు. కలిదిండిలో చెరువుల ఇంజన్లు బాగుచేసిన సోమయ్య మేస్త్రి గారిది. ఇరవై ఏళ్ళ పైచిలుకు కిందట ఆయన నన్ను మొదటిసారి అడిగిన ప్రశ్న అదే, చివరిసారి అడిగిందీ అదే. నేను అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనాయిలు డీలరు దగ్గర అమ్మకాలు చూసేవాణ్ణి. కొల్లేరు చుట్టూ నా మోటారు సైకిలు ఎక్కని చెరువు గట్టు లేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి నాకిచ్చినవి మూడు మండలాలే. వానాకాలంలో వాటిలోనూ సగం గట్లు ఎక్కలేదు, బురదంటే నాకు భయం. గురువు చిన్నతనంలో దొరుకుతాడంటారు. నాకు యాభయ్యో ఏట దొరికాడు, అదీ నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. అలాగని నేను ఆయన్ని ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. ఇప్పుడు రాశాను కాబట్టి దిద్దుకుంటున్నాను: దొరికారు.

ఆయన షెడ్డు కాలవ గట్టు పక్కన ఉండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఇంజన్ల వంక చూడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తీగలకి వేలాడుతున్న శుభలేఖల వంక చూశాను. పసుపు రాసిన మూలలతో పెళ్ళి శుభలేఖలు వందల కొద్దీ ఉన్నాయి. వందలు కాదు, ఓ అరవై ఉంటాయేమో. ప్రతిదాని వెనక వైపునా ఒక నూనె మరక, దాని చుట్టూ గూడు కట్టిన చంద్రుడికి ఉన్నట్టు వలయాలు. కింద పెన్సిలుతో చెరువు పేరు. ఏ ఇంజను వచ్చినా ఆయన ముందు పానా పట్టరు. నూనె కొలిచే పుల్లను తీసి, దాని కొసనున్న చుక్కను శుభలేఖ వెనక పెట్టి, నీడన ఆరేస్తారు. మెరుపు కాగితం పనికిరాదు, పాత రకం గరుకు అట్ట కావాలి. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా మిగిలిన శుభలేఖల కట్ట ఆయన షెడ్డుకి చేరిపోయేది. కొందరు పెళ్ళికి పిలవడం మర్చిపోయినా కట్ట పంపడం మర్చిపోలేదని ఆయనే నవ్వుతూ చెప్పారు.

నేను చూస్తుండగానే ఒక అట్ట తీసి ఎండవైపు పట్టారు. "ఈ ఇంజనుకి నీళ్ళు కలుస్తున్నాయండి. వలయం అంచు చూడండి, రంపంలా ఉంది" అన్నారు. ఎదురుగా నిలబడ్డ రైతు తల గీరుకుని, నాలుగు రోజులుగా రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయని ఒప్పుకున్నాడు. ఇంజనుకి ఒక బోల్టు కూడా విప్పలేదు. చుక్కను చూసి లోపలి రోగం చెప్పేశారు. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు. ఆ విద్య తర్వాత ఆయన నాకూ నేర్పారు.

అప్పుడు నా సంచీలో ఉన్నది సింథటిక్ నూనె. భూమిలోంచి తోడిన నూనెను వడకట్టి అమ్మే మామూలు రకం కాదు, కోరిన గుణాలు వచ్చేలా కర్మాగారంలో తయారుచేసినది. మా వైపుకి అప్పుడప్పుడే వస్తోంది. ఇంజను లోపల నూనె ఏళ్ళ తరబడి కాగి కాగి ఇనుముకి ఒక పొర పట్టేస్తుంది. గోరుతో గోకితే రాదు, కిరసనాయిలుతో రుద్దినా పోదు. దాన్నే వార్నిష్ అంటారు. సోమయ్య గారు గార అనేవారు, పళ్ళకి పట్టే గార. నేను డబ్బా బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని మొదలెట్టాను. "ఇది ఒక్కసారి పోస్తే చాలండి మేస్త్రి గారూ. పదిహేను రోజుల్లో పాతికేళ్ళ గార కూడా వదిలిపోయి, లోపల ఇత్తడి బిందెలా తళతళలాడుతుంది."

ఆయన డబ్బా మూత తీసి వాసన చూశారు. ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్దారు. తర్వాత ఎంతో మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నం సరిపోయిందా అని అడిగినంత మెత్తగా అడిగారు: "దాంట్లో ఎంత తీసేయమంటారండీ?"

"నా మాటలో ఒక్క వీసం కూడా తీయక్కర్లేదు" అన్నాను.

"ఆయ్. అయితే ఏదో ఒక పాత ఇంజనులో పోసి, మూత విప్పి చూద్దారండి. అప్పటిదాకా నేను అవుననీ అనను, కాదనీ అనను."

నాకు రోషం వచ్చింది. ఆయన చూసేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే భద్రమ్మ గారి చెరువు దగ్గరికి వెళ్ళాను. భద్రమ్మ గారికి అప్పుడు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాక రెండు చేపల చెరువులు ఆవిడే చూసుకుంటోంది. పాత లారీ నుంచి ఊడదీసిన ఇంజనును గట్టు మీద దిమ్మకి బిగించి, దాంతో కాలవ నీళ్ళు చెరువులోకి తోడేది. ఆ వేసవిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు, ఆ ఇంజనే దిక్కు. చెరువులో బొచ్చెలు, శీలావతులు పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. నూనె గురించి నేను చెప్పిందంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఏవండీ, ఇది పోస్తే మధ్యలో ఆగిపోదు కదా? ఏడాది కష్టమండి నీళ్ళలో ఉన్నది."

"నాదీ పూచీ" అన్నాను. నూనె మీద నాకున్న నమ్మకం కంటే సోమయ్య గారి మీదున్న రోషం ఎక్కువగా ఆ మాట పలికింది.

రెండు వారాలకి, తెల్లవారి టిఫిను చేస్తుండగా కబురొచ్చింది: భద్రమ్మ గారి ఇంజను ఆగింది, చేప తేలింది. చేప తేలడమంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. నీళ్ళలో గాలి తగ్గిపోతే చెరువులో చేపంతా పైకొచ్చి, మూతులు బయటపెట్టి ఆకాశాన్ని మింగడం మొదలెడుతుంది. నేను గట్టెక్కేసరికి చెరువంతా వాన పడుతున్నట్టు చిటపటలాడుతోంది. ఆకాశంలో మబ్బు లేదు. ఆ చప్పుడంతా మూతులది. అంత పెద్ద చప్పుడును అంత చిన్న నోళ్ళు చేయగలవని నాకు అంతకు ముందు తెలియదు. భద్రమ్మ గారు గట్టు మీద నిలబడి, ఉన్న రెండు పడవల్లోనూ మనుషుల్ని ఎక్కించి, గెడలతో తెడ్లతో నీళ్ళు బాదిస్తోంది. అలా బాదితే కాస్త గాలి కలుస్తుంది. నన్ను చూసి తిట్టలేదు. "చూస్తారేటండి, ఎక్కండి" అంది.

ఇస్త్రీ ప్యాంటుతో పడవెక్కి మూడు గంటలు నీళ్ళు బాదానని మా ఇంట్లో చెప్పుకున్నాను. పావుగంట బాదాను. పదహారో నిమిషాన బోర్లా నీళ్ళలో పడ్డాను. నన్ను లాగడానికి ఇద్దరు బాదడం ఆపాల్సి వచ్చింది. కాబట్టి నా వల్ల చెరువుకి కలిసొచ్చింది ఏమైనా ఉంటే అది నేను పడినప్పుడు లేచిన కెరటమే.

సోమయ్య గారు అప్పటికే ఇంజను కింద పడుకుని ఉన్నారు. నూనె ఒత్తిడి చూపించే ముల్లు పడిపోగానే భద్రమ్మ గారే ఇంజను ఆపేసింది. చేప తేలుతుందని తెలిసి తెలిసీ ఆపడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. "ముల్లు పడితే ముందు ఆపమని మేస్త్రి గారు చెప్పారండి. ఆయన చెప్పాక ఇంక ఆలోచించేదేముంది" అంది. ఆపింది కాబట్టే ఇంజను బతికింది. ఆయన నూనె నిలిచే అడుగు తొట్టి విప్పి కిందికి దించారు. నూనెను పీల్చుకునే గొట్టం కొసన ఒక జల్లెడ ఉంటుంది. దాని కళ్ళన్నీ నల్లటి పెచ్చులతో మూసుకుపోయి ఉన్నాయి. ఆయన చేతులు కంగారు పడలేదు. పక్కన చెరువు చచ్చిపోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, అయినా ఒక్కొక్క బోల్టునూ విప్పిన వరుసలో గోనె మీద పేర్చుకున్నారు. జల్లెడను డీజిలులో కడిగి, నోటితో ఊది, వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ కడిగారు. మూడోసారి చూసి సరే అన్నారు. గంటలో ఇంజను మోగింది, ముల్లు లేచింది, కాలవ నీళ్ళు తెల్లటి నురగతో చెరువులోకి దూకాయి. ఆయన అప్పుడు కూడా చెరువు వైపు చూడలేదు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, నిద్రపోతున్న బిడ్డ ఊపిరి చూసినట్టు చాలాసేపు నిలబడ్డారు. గుడిలో కూడా నాకు అంత భక్తి కలగలేదు.

మూతుల చప్పుడు కొంచెం కొంచెంగా సన్నగిల్లింది. నాలుగు గంపల చేప పోయింది, మిగతాది దిగింది. భద్రమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి అడిగింది. "ఎందుకాగిందండీ?" గట్టు మీదున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు.

సోమయ్య గారు ఆవిణ్ణి అడిగారు. "నూనె ఎలా మార్చారమ్మా?"

"సగం తీసి సగం పోశానండి. నాలుగు రోజులాగి మళ్ళీ సగం. చెరువులో నీళ్ళ మార్పిడి అలాగే కదండీ చేస్తాం? ఒకేసారి మొత్తం మారిస్తే చేపకి దెబ్బ తగులుద్ది. ఇంజనుకీ అంతే అనుకున్నాను."

గట్టు మీద ఎవరో నవ్వారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తప్పించుకునే దారి దొరికింది. గొంతు పెంచి అందరికీ వినబడేలా అన్నాను. "అదే అండి కారణం! ఇంజనంటే చెరువా? సగం మార్చడం వల్లే మురికంతా కలిసి జల్లెడ పట్టేసింది. నూనె తప్పేం లేదు. మొత్తం తప్పు మార్చిన పద్ధతిది."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏడాది కష్టం తన చేతులతోనే చంపబోయానని నమ్మేసిందని తెలిసిపోయింది. సోమయ్య గారు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, నా ఒక్కడికే వినబడేంత నెమ్మదిగా అడిగారు. "దాంట్లో ఎంత తీసేయమంటారండీ?"

ఒళ్ళంతా చెరువు నీళ్ళు కారుతూ, జేబులో ఒక చిన్న చేప కొట్టుకుంటూ నిలబడ్డాను. చేప లేదు లెండి, నాచు ఉంది. "మొత్తం తీసేయండి" అన్నాను. ఆ తర్వాత భద్రమ్మ గారి వైపు తిరిగి, పదిహేను రోజుల్లో గార వదులుతుందని నాకు ఎవరూ చెప్పలేదనీ, నేనే కల్పించాననీ, పాత ఇంజను లోపల ఏముందో చూడకుండా పూచీ పడ్డాననీ చెప్పాను. నా జన్మలో అంత పొట్టిగా ఏ సంగతీ చెప్పలేదు.

ఆయన నన్ను అక్కడే వదిలేసి ఉంటే ఈ జ్ఞాపకం రాసేవాణ్ణి కాదు. సోమయ్య గారు ఇంజను నెత్తి మీది మూత విప్పి ఇద్దరికీ చూపించారు. లోపల గోధుమరంగు గార ఎక్కడిదక్కడే నిక్షేపంగా ఉంది. "చూడండమ్మా. ఈయన వదులుద్దన్న గార వదల్లేదు. ఊడింది అడుగున పేరుకున్న మడ్డి. గార వేరు, మడ్డి వేరు. మడ్డిని కొత్త నూనె కదిపిందో, ఊడ్డానికి అదే సిద్ధంగా ఉందో నాకు తెలీదు. మీరు సగం మార్చడం వల్లో కాదో అదీ తెలీదు. తెలిసింది ఒక్కటుంది. సంక్రాంతి ముందు మీ ఇంజను చుక్క చూశాను. మధ్యలో నల్లగా దిమ్మ కట్టింది. మడ్డి ఉందని అప్పుడే తెలిసింది. పట్టుబడి అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. చెప్పాల్సింది. అది నా తప్పమ్మా." అలా అని తల వంచుకున్నారు. ఆ చుట్టుపక్కల ఆయన మాటకి ఎదురు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అంతటి మనిషి గట్టు మీద పదిమంది ముందు, నా తప్పు పక్కన తన తప్పు కూడా తెచ్చి పెట్టారు, నాది ఒంటరిగా కనబడకుండా.

భద్రమ్మ గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఇద్దరేనండి బాబూ. సరే, మొదలెట్టాం కదా, గార వదులుద్దో లేదో చూసే వదులుదాం" అంది. ఆ మాటతో మా ముగ్గురికీ ఏడాదికి పైగా ఒక పని దొరికింది. ఈసారి సోమయ్య గారి పద్ధతిలో చేశాం. ముందు మడ్డినంతా చేత్తో గోకి తీశారు. నూనె మొత్తం దించి మొత్తం పోశారు. అయితే కంపెనీ చెప్పినంత కాలం ఆగలేదు, అందులో సగానికే మార్చారు, మార్చిన ప్రతిసారీ ఫిల్టరు మార్చి, జల్లెడ విప్పి చూశారు. "తొందరపెట్టకూడదని భద్రమ్మ గారు చెప్పింది నిజమేనండి. సగం సగం మార్చే పద్ధతే చెరువుది, ఇంజనుది కాదు" అన్నారు. మార్చిన ప్రతిసారీ ముగ్గురం మూత చుట్టూ తలలు చేర్చి చూసేవాళ్ళం. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి "తగ్గిందండీ!" అని అరిచాను. "మీ కళ్ళజోడు తుడుచుకున్నారు, అంతే" అంది భద్రమ్మ గారు. మూడోసారి నేను నోరెత్తలేదు. నాలుగోసారి డికాక్షన్ రంగు టీ రంగయింది. ఏడాది దాటాక ఒక ఉదయం మూత తీస్తే, నూనె ఎక్కువగా చిమ్మే మూలన, శనగ బద్దంత మేర, ఇనుము తన సొంత రంగులో కనిపించింది.

సోమయ్య గారు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. చాలాసేపు ఆ శనగ బద్దను చూశారు. "వస్తోందండీ" అన్నారు. ఎండ పొడ దాని మీద పడి మెరిసింది. ముప్ఫై ఏళ్ళ వేడి పేర్చిన పొర, కిరసనాయిలుకి లొంగనిది, గోటికి రానిది, ఎవరూ రుద్దకుండా, ఎవరూ చూడని చోట, నూనె దాని మీదుగా పారీ పారీ వదిలింది. ఆ తర్వాత ఆయన తీర్పు చెప్పారు, నేను రాసుకున్నాను. "కడుగుద్దండి. నెమ్మదిగా కడుగుద్ది. అంతా కడగదు, నూనె పారని చోట గార అలాగే ఉంది. మడ్డి ఉంటే ముందు చేత్తో తీయాలి, ఆ పని నూనెకి వదలకూడదు. ఇంకోటి, వెనక నూనె కారకుండా ఆపే సీలు దగ్గర చెమరుస్తోంది చూడండి. ఇన్నాళ్ళూ మురికే అక్కడ అడ్డుపడి కాపాడిందేమో, చెప్పలేం." భద్రమ్మ గారు ఆ చెమ్మ కింద ఒక పాత పళ్ళెం పెట్టింది. ఆ రోజు నుంచి నేను ఆ తీర్పునే, సీలు సంగతితో సహా, ప్రతి గట్టు మీదా చెప్పాను. మా డీలరు తల పట్టుకున్నాడు.

సోమయ్య గారు పోయి మూడేళ్ళయింది. ఆఖరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుని "మీ మాటలో ఇంక తీసేయాల్సింది ఏమీ లేదండి" అన్నారని చాలామందికి చెప్పాను. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆయన అలా అనలేదు. ఆ రోజు ఆయన కోడలికి నేను భద్రమ్మ గారి చెరువు కథ చెబుతున్నాను. లక్ష చేప బతికిందమ్మా అన్నాను. మంచం మీద నుంచి ఆ మెత్తటి గొంతు వినబడింది. "దాంట్లో ఎంత తీసేయమంటారండీ?" "సగం" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వారు. "ఇంకొంచెం తీయండి" అన్నారు. నాతో ఆయన ఆడిన చివరి మాట అదే. ఇందులో పెంపు లేదు.

ఏలూరు సర్వీసు సెంటరులో ఆ అమ్మాయి ఇంకా మూత పట్టుకునే ఉంది. "మరి పోయమంటారా సర్?" అంది. "పొయ్యమ్మా. కానీ ముందు లోపల మడ్డి ఉందేమో విప్పి చూడు. ఒక్క సర్వీసుకి కొత్తదవదు. నాలుగైదు మార్పిళ్ళు పడుతుంది, అప్పటికీ కొంత ఉండిపోతుంది. ఎక్కడైనా నూనె చెమరిస్తే దాచకుండా చెప్పు" అన్నాను. సంచీలో మొన్నటి పెళ్ళి శుభలేఖ ఉంది, అదృష్టవశాత్తూ గరుకు అట్ట. కొలిచే పుల్ల కొసన ఉన్న చుక్కను దాని వెనక పెట్టించి, నీడన బల్ల మీద ఆరేశాను. ఇద్దరం వంగి చూశాం. నల్లటి చుక్క మెల్లగా పాకుతూ, ఒక వలయం, దాని బయట ఇంకో పలచటి వలయం గీసుకుంది.

"ఏం తెలిసింది సర్?" అంది ఆ అమ్మాయి గుసగుసగా.

చుక్క చదివే విద్య సోమయ్య గారు నాకూ నేర్పారని పైన రాశాను. నేర్పారు. నాకు రాలేదు. ఎన్ని అట్టలు చూపించినా నాకు అన్నీ చంద్రుడి గూడులాగే కనబడేవి. ఆయన దగ్గర నాకు వచ్చింది ఒక్కటే. వలయం పాకడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవడం.

"ఆగమ్మా, ఇంకా ఆరలేదు" అన్నాను.